పిట్టలు దిగాయి

“దగ్గరికి పోనివ్వమంటారా మేడం?” గెడ నీళ్ళలో గుచ్చి అడిగాడు పడవ నడిపే నతానియేలు.

వినీల గుడ్లురిమింది. “వద్దు. ఇక్కడే ఆపు.”

ఈ మనిషికి బుర్రుందా? విజయవాడ నుంచి తనిఖీకొచ్చిన పెద్దాఫీసరు కిరీటి గారు పక్కనే కూర్చునుంటే, బొమ్మల దగ్గరికి పడవ పోనిస్తానంటాడేమిటి!

ఎదురుగా, కృష్ణ నడుమ లంక. ఇసుక మీద కత్తెరముక్కు పిట్టలు. నల్ల వీపు, తెల్ల పొట్ట, నారింజ రంగు ముక్కు. దేశంలోనే అరుదైపోయిన జాతి. నది సముద్రంలో కలిసే చోట అవి గుడ్లు పెట్టే తిప్ప ఏటేటా కోసుకుపోతుంటే, మూడేళ్ళ కిందట వినీల అక్కడి పిట్ట పిల్లల్ని తెచ్చి, కాళ్ళకు నీలం ఉంగరాలు వేసి, ఈ లంకలో పెంచి వదిలింది. ఎగరడం నేర్చిన చోటికే పెద్దయ్యాక తిరిగొస్తాయని ఆశ. ఒక్కటీ రాలేదు. ఈ వేసవికీ రాకపోతే పథకం మూసేసి, లంకను ఇసుక తవ్వకాలకు ఇచ్చేస్తామన్నారు. పాత తిప్ప మొన్నటి వరదకు పూర్తిగా పోయింది. ఇక వాటికి మరో చోటు లేదు.

కింద తోటి పిట్టలు కనబడితే పైన ఎగిరేవి వాలతాయని, కొండపల్లిలో బొమ్మలు చేసే దుర్గాప్రసాద్ గారికి కొయ్య పిట్టలు పురమాయించింది. అంతలోనే తనిఖీ అని కబురు. “పార్సిల్ రాగానే లంకలో పెట్టెయ్. ఫోన్లో మాత్రం బొమ్మలనకు, పిట్టలనే అను” అని నతానియేలుకు మరీ మరీ చెప్పింది.

పొద్దున్నే ఫోన్ చేశాడు. “పిట్టలు దిగాయండీ!” అంతే, సిగ్నల్ పోయింది. గండం గడిచిందనుకుంది.

“కదలవేంటమ్మా?” ఆమె బైనాక్యులర్స్ కళ్ళకు ఆన్చుకునే అడిగారు కిరీటి గారు.

“ఎండెక్కితే అంతే సార్. ఇసుకకి గడ్డం ఆన్చి పడుకుంటాయి.” మాట నిజమే. బతికున్న పిట్టలకైతే.

“మా ఇంట్లో టీవీ పక్కనా ఇలాంటివే రెండున్నాయి. మా ఆవిడ కొండపల్లిలో కొంది. అవీ కదలవు.”

నతానియేలు కిసుక్కున నవ్వాడు.

“ఆ నిలబడ్డదాని కాలికి నీలం ఉంగరం ఉందే?”

“మేం వేసిందే సార్.” బొమ్మలకు ఉంగరాలు వెయ్యమన్న గుర్తు లేదామెకు. తను పంపిన ఫొటో చూసి ఆ బొమ్మలాయనే వేసుంటాడు మహానుభావుడు!

“మేడం, ఆ పార్సిల్...” నసిగాడు నతానియేలు.

“తర్వాత!”

“ఏం పార్సిల్?” కిరీటి గారు తల తిప్పారు.

“భోజనం సార్. మీకోసమే.”

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. “ఒక్కసారి చప్పట్లు కొట్టి చూద్దామా?” అంటూ చేతులెత్తారు.

“వద్దు సార్!” దాదాపు చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. “గుడ్ల మీదుంటాయి. అవి లేస్తే ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి.”

చేతులు గాల్లోనే ఆగాయి. లంక వైపు చూసే ధైర్యం లేక వినీల పడవ అడుగున ఊరిన నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

“సరే,” చేతులు దించారాయన. “పిట్టలొచ్చాయని రాస్తాను. ఈ లంకలో తట్టెడు ఇసుక కూడా ఎవరూ ఎత్తరు.”

కిరీటి గారి జీపు కరకట్ట మలుపు తిరిగి మాయమయ్యాక వినీల ఒడ్డునే గట్టు మీద కూర్చుంది. అబద్ధంతో ఒక్క ఏడాది సంపాదించింది. ఈలోగా నిజమైనవి రావాలి. రాకపోతే?

ఫోన్ మోగింది. కొండపల్లి నుంచి.

“దుర్గాప్రసాద్ గారూ! మీ పిట్టలు మమ్మల్ని గట్టెక్కించాయండీ!”

“ఎగతాళెందుకమ్మా, రెండో పూత ఆరలేదనేగా ఆలస్యం,” నొచ్చుకున్నాడాయన. “బొమ్మలింకా నా ముందే ఉన్నాయి.”