మీటరు చెప్పిన రంగు

“పౌడరు రాసుకోండి మామ్మగారూ. అద్దం అక్కడుంది.”

“వద్దమ్మా. ఒకసారి రాయించుకున్నాను. చాలు.”

గొడుగు లైటు జరుపుతున్న వీరలక్ష్మి చెయ్యి ఆగింది. రాజోలు సెంటర్లోని ఆ ఫొటో స్టూడియోలో పౌడరు వద్దన్న మనిషిని చూడడం ఆమెకు అదే మొదలు.

వచ్చినావిడ ఎలీసమ్మ. డెబ్బై దాటిన మనిషి, నిగనిగలాడే నలుపు. ఆటో దిగి, షోకేసు ముందు చాలాసేపు నిలబడి, అప్పుడు లోపలికి వచ్చింది.

షోకేసులో ఉన్నది స్టూడియోకి పేరు తెచ్చిన ఫొటో. యాభై ఐదేళ్ల కిందట వీరలక్ష్మి మామగారు తీశారు. పాలుగారే మొహంతో పద్దెనిమిదేళ్ల పిల్ల. ఎవరో పెద్దింటి అమ్మాయని, వచ్చినవాళ్లకల్లా వీరలక్ష్మి భర్త సూరిబాబు చెబుతాడు.

“నల్లగా ఉన్నదాన్ని నల్లగానే తియ్యి. ఇదిగో, ఈ తెగిన చెవి కూడా పడాలి,” అంది ఎలీసమ్మ, చీలిన ఎడమ చెవి తమ్మె చూపించి.

వీరలక్ష్మికి సూరిబాబు నేర్పింది వేరు. గడ్డం కింద పెట్టిన, వెలుగు కొలిచే మీటరు ఎనిమిది చూపిస్తే, కెమెరాలో ఐదు పాయింట్ ఆరు పెట్టాలి. మొహం ఒక మెట్టు తెల్లబడుతుంది.

“నల్లగా వచ్చిందని ఇంకొక్కరు తిరిగొస్తే, నువ్విక లైట్ల జోలికి రాకు. పిల్లాణ్ణి చూసుకుంటూ ఇంట్లో కూర్చో,” అని నిన్ననే అన్నాడు.

తొమ్మిదో తరగతితో చదువాగిపోయిన ఆమెకి చేతికొచ్చిన పని ఇదొక్కటే.

“మా ఆయన ఒప్పుకోరండి.”

“ఫొటో ఆయనది కాదు కదమ్మా.”

“తెల్లగా వస్తే మీవాళ్లు సంతోషిస్తారండి.”

“ఎవర్ని చూసి? నన్ను చూసా?”



తెర వెనక ఉయ్యాల్లో పిల్లాడు కదిలాడు. ఆమె ఒకసారి అటు చూసి, మీటరు ముసలావిడ గడ్డం కింద పెట్టింది.

ఎనిమిది.

కెమెరాలోనూ ఎనిమిదే పెట్టింది.

కెమెరా తెర మీద ఫొటో చూసి ఎలీసమ్మ తన చెంప తడుముకుంది. “ఆయ్, ఇది నేనే. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి పట్టుకెళ్తాను.”

ఆదివారం రాలేదు. సోమవారమూ రాలేదు.

“చూసేవా? నల్లగా తీసేవు, రాలేదు. ఇటియ్యి మీటరు,” అన్నాడు సూరిబాబు.

“ఇవ్వనండి.”

“ఏంటీ?”

“అది తప్పు చెప్పలేదు. నేను తప్పు తియ్యలేదు. షోకేసులో పెడతాను, ఊరంతా చూసి చెప్పనీండి.”

అన్నంత పనీ చేసింది. పాలుగారే పిల్ల పక్కనే ఎలీసమ్మను నిలబెట్టింది. సూరిబాబు విసురుగా బయటికి వెళ్లిపోయాడు. మీటరు మాత్రం ఆమె దగ్గరే ఉంది.

బుధవారం ఒకాయన వచ్చాడు. “జోజి అండి. ఎలీసమ్మగారి అబ్బాయిని. అమ్మ శనివారం పోయిందండి. సమాధి మీద మీరు తీసిన ఫొటోనే పెట్టమంది.”

వీరలక్ష్మి షోకేసు తలుపు తీసింది.

ఎలీసమ్మ ఫొటోని బయటికి తీస్తూ, పక్క ఫొటోలోని పిల్లను మొదటిసారి మొహం ఒక్కటే కాకుండా పరికించి చూసింది.

మామగారు పౌడరు మొహం వరకే రాయించినట్టున్నారు. పాలుగారే ఆ బుగ్గ వెనక, నల్లటి ఎడమ చెవి తమ్మె అక్కడే, అలాగే చీలి ఉంది.