గిజిగాడి భయం

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద ఒక కుర్ర గిజిగాడు గూడు అల్లుతున్నాడు. గిజిగాళ్ళలో పద్ధతి ఏమిటంటే, గూడు సగం కాగానే ఆడపిట్టను పిలిచి చూపించాలి. ఆమె సరేనంటేనే మిగతాది అల్లాలి. కాదంటే ఏమిటి గతి? అదే వీడి భయం.

"గూడు సగమైందిగా, పిలవరా అబ్బాయ్, వానలు దగ్గరపడుతున్నాయి," అన్నాడు పక్క కొమ్మ మీది బాబాయి.

"అమ్మో! ఇంత బోడిగా ఉంటే నవ్విపోదూ? మొత్తం అయ్యాక పిలుస్తాలే."

గూడు ముద్దుగా తయారైంది. అప్పుడు బిక్కుబిక్కుమంటూ పిలిచాడు. ఆడపిట్ట లోపలికి దూరి, బయటికొచ్చి, కిందికి చూసింది. కింద గడ్డి మెల్లగా కదులుతోంది.

"గూడు బంగారంలా ఉందయ్యా. కానీ ఈ కొమ్మకు పాము సులువుగా పాకి వస్తుంది. ఇక్కడ నేను గుడ్లు పెట్టలేను."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"ముందే పిలిచావా?"

ఆ పూటంతా గిజిగాడు రెక్కలు ముడుచుకుని కూర్చున్నాడు. మబ్బు కమ్ముతుంటే లేచి, నీళ్ళ మీదికి వంగిన సన్నకొమ్మకు నాలుగు పోచలు ముడేశాడు. భయం పోకపోయినా వెంటనే ఆడపిట్టను పిలిచాడు.

"ఇంకా గూడేం లేదు... ముందు ఈ కొమ్మ చూస్తావా?"