ముందే తీసుకున్న పేరు

ఒక పేరుకు ఒకే వెబ్ చిరునామా. అది ఇంకొకరి సొంతమైతే ఆ పేరు బిడ్డకు పెట్టడానికి వీల్లేదని రూలొచ్చి నలభై ఏళ్లయింది. రేపే బారసాల. కూతురికి అమ్మమ్మ పేరే పెట్టాలని సుభాషిణి పంతం. పచ్చి బాలింతవని ఇంట్లోవాళ్లు మొత్తుకుంటున్నా వినకుండా పసిగుడ్డునెత్తుకుని, ‘హైమవతి’ని ముప్పై ఏళ్లుగా అట్టిపెట్టుకున్న మనిషి కోసం బొబ్బిలి బస్సెక్కింది.

తలుపు తీసింది పైడమ్మ అనే ముసలి దర్జీ. వచ్చిన పని విని బేరమైనా ఆడలేదు.

"మీ పాప పేరామ్మా?" అని అడిగింది సుభాషిణి.

"పుడితే పెడదామని కొని ఉంచినాను. పుట్టనేదు." పైడమ్మ ఫోను తీసింది. వేలిముద్ర వేయబోతూ ఆగింది. "ఇచ్చీసే ముందు ఒక్కపాలి పిలుసుకోనా తల్లీ?"

సుభాషిణి బిడ్డ చెవిని ఆమె నోటి దగ్గరగా పట్టింది. పైడమ్మ బిడ్డకేసి చూడనేలేదు. వీధి గుమ్మం వైపు తిరిగి గొంతెత్తింది.

"హైమా! ఇంకెంతసేపే ఆటలు? కూడు సల్లారిపోతంది, రాయే!"

ఆ తర్వాత వేలిముద్ర వేసేసింది.

తిరుగు బస్సులో సుభాషిణి బిడ్డను ఆ పేరుతో పిలవబోయింది. నోరు రాలేదు.