ఓటు లేని మనిషి

“అన్నా, శనివారం ఓటుండాది. మర్సిపోవద్దన్నా!”

కారు అద్దం మీద వేలి కణుపుతో టక్ టక్‌మని కొడుతున్నాడు బుడేన్ సాహెబ్.

రాకేశ్ విసుగ్గా అద్దం దించాడు. కూతురు నిత్య మరిచిపోయిన టిఫిన్ డబ్బా స్కూల్లో ఇచ్చి, తిరిగి క్వారీలో పనికి పోవాలన్న తొందరలో ఉన్నాడు.

“దుబాయ్‌ల మనకు ఓటేంది సాబ్? ఊర్లనే ఓటెయ్యక ఏండ్లాయె.”

“ఇది సర్కారు ఓటు కాదన్నా. ఇస్కూలు కమిటీ ఓటు. పిల్లోళ్ల అమ్మానాయినలు ఏసేది.”

బుడేన్ సాహెబ్‌ది కడప వైపు. దుబాయ్ పక్కనున్న రాస్ అల్ ఖైమాలో, ఆ స్కూలు పక్కనే ఏసీలు బాగుచేసే దుకాణం. పొద్దున బస్సులు పిల్లల్ని దించేసి వెనక ఇసుక మైదానంలో ఆగగానే ఆయన వచ్చి, ఒక్కో బస్సు అద్దం తట్టుకుంటూ పోయేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పిల్లలు ఆయనకు టక్ టక్ తాత అని పేరు పెట్టారు. పెద్దవాళ్లు పేరు పెట్టలేదు. కణత దగ్గర వేలు తిప్పి చూపించేవారు, అంతే.

“పిల్లోళ్ల అమ్మల్లోనే ఒకామె, ఖుర్షీదమ్మ, నిలబడిందన్నా. పిల్లోళ్లు దిగినాంక ఆయా మళ్లా బస్సెక్కి, ఎనక సీటు దాకా సూసి రావల్ల. ఆ రూలు పెట్టిస్తానంటాంది.”

“గా పని నువ్వు ఫిరీగ చేస్తనే ఉన్నవ్ గద సాబ్!”

“నేనెల్లకాలం ఈడుంటానా అన్నా?”

“అయితే నీ ఓటు నువ్వెయ్యి.”

“నాకు ఓటు ల్యాదు.”

“అదేంది? మీ బిడ్డది గీ స్కూలే అంటివి?”

“ఈ ఇస్కూలేనన్నా. రెండో తరగతి.”

రాకేశ్‌కు చప్పున గుర్తొచ్చింది.

“పోయినేడు గూడ రెండే అన్నవ్! ఫెయిలయ్యిందా ఏంది?”

పక్కన నిలబడ్డ తండ్రులు ఇద్దరు గొల్లున నవ్వారు. బుడేన్ సాహెబ్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

“అవునన్నా. ఆడనే నిలబడిపాయ.”

“ట్యూషన్ పెట్టియ్ సాబ్!” అంటూ రాకేశ్ అద్దం ఎత్తేశాడు.

శనివారం పొద్దున భార్య మాలతి గుర్తుచేసింది.

“ఓటుకు పోవా?”

“ఎవలు గెలిస్తే మనకేంది? యల్లా, నడువు, ఎండ ముదరకముందే జబల్ జైస్ ఎక్కుదాం.”

ఫ్లాస్కులో చాయ్, డబ్బాలో పులిహోర పెట్టుకుని కొండెక్కారు. కూతురితో ఫొటోలు దిగారు.

చాలామంది అలాగే అనుకున్నట్టున్నారు. యూనిఫాం రంగు మారుస్తానన్నాయన గెలిచాడు. ఖుర్షీద ఓడిపోయింది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఫలితం రాగానే, పూర్తిగా చదవకుండానే రాకేశ్ బొటనవేలు గుర్తు పెట్టేశాడు.

ఆ తర్వాతి వారమే మాలతి ఫోను.

“ఏమయ్యా, బిడ్డను నువ్వు గాన తోల్కపోయినవా?”

“నేనెందుకు తోల్కపోత? క్వారీల ఉన్న.”

“ఇయ్యాల నిత్య స్కూలుకు రాలేదని మెసేజ్ వచ్చింది. నా చేతులతోని బస్సెక్కించిన నేను!”

దారి ఎలా గడిచిందో రాకేశ్‌కు తెలియదు. మైదానం నిండా పసుపు బస్సులు. అన్నీ ఒకటే తీరు. తన కూతురు ఎక్కేది ఏ బస్సో కూడా అతనికి తెలియదు. ఇనుము మీద ఎండ మంటలా లేస్తోంది. ఒక్కో బస్సు తలుపు గుంజుతూ, పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తాడు.

టక్ టక్.

ఆగి విన్నాడు.

టక్ టక్. ఆ వెంటనే అద్దం భళ్లున పగిలిన చప్పుడు.

చివరి వరసలోని బస్సు దగ్గర బుడేన్ సాహెబ్ ఉన్నాడు. మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. భుజం మీద నిత్య. ముఖం కందిపోయింది, జుట్టు చెమటకు తడిసి అంటుకుపోయింది. ఆయన సీసాలో నీళ్లు ఆ పిల్ల మెడ మీద మెల్లగా పోస్తూ, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఒకటే మాట అంటున్నాడు.

“లేయ్ నాయినా. లేయ్ తల్లీ. ఈపొద్దు లేసినావు సూడు.”

నిత్య కళ్లు తెరిచింది.

“నాయినా... మస్తు నిద్రొచ్చింది. తాత టక్ టక్ అన్నడు.”

రాకేశ్ కూతుర్ని రెండు చేతులా అందుకున్నాడు. అంబులెన్సు వచ్చింది. కూతురితో పాటు ఎక్కాడు.

మర్నాడు పొద్దున మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. దుకాణం షట్టర్ మూసి ఉంది. పక్కనే స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ అజ్మతుల్లా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

రాకేశ్ హిందీలో అడిగాడు. “సాహెబ్ ఇంకా రాలేదా?”

“ఖలాస్ భాయ్. వీసా క్యాన్సిల్ చేసుకున్నాడు. నిన్న దుకాణం తాళాలు అప్పగించేసరికి ఆలస్యమైందట, ఎయిర్‌పోర్టుకు పోయే ముందు ఆఖరిసారి తట్టి పోతానంటూ పరిగెత్తాడు. మీ అదృష్టం. రాత్రే ఊరికి వెళ్లిపోయాడు.”

“అదేంటి, బిడ్డ చదువు మధ్యలో మాన్పించేశాడా?”

అజ్మతుల్లా అతనివంక వింతగా చూశాడు.

బస్సులు పిల్లల్ని దించేసి ఒక్కొక్కటే మైదానంలోకి పోతున్నాయి. ఇంజన్లు ఆగిపోయాయి. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

“కొన్నేళ్ల కిందట సాహెబ్ పాప రెండో తరగతిలో ఉండగా ఇలాగే వెనక సీట్లో నిద్రపోయింది భాయ్,” అన్నాడు అజ్మతుల్లా, “ఆ రోజు ఎవరూ తట్టలేదు.”