కింది వీధి పరుపులు

"ఇక మూసేద్దాం" అన్నాడు ప్రొఫెసర్. "మనం చెప్పినవాటివల్ల ఉపయోగం లేదని తేలిపోయింది."

ఎదురుగా కూర్చున్న పరిశోధక విద్యార్థిని గుండెల్లో రాయి పడింది.

విశ్వవిద్యాలయం తరఫున వాళ్ళిద్దరూ పిల్లల ఆయాసం మీద పనిచేస్తున్నారు. పై వీధిలో ఇంటింటికీ తిరిగి పరుపులు ఎండలో వెయ్యమన్నారు. దిండు గలీబులు వేడినీళ్ళలో ఉతకమన్నారు. సిగరెట్టు కాల్చాలంటే గుమ్మం దాటి కాల్చుకోమని ఇంటి మగాళ్ళను బతిమాలారు. కింది వీధిలో మాత్రం వంతులవారీగా ఒక్కొక్కరే వెళ్ళి పిల్లల ఊపిరి పరీక్షించి, ఒక్క ముక్క చెప్పకుండా వచ్చేసేవారు. చెప్పిన వీధిలో ఆయాసం తగ్గి, చెప్పని వీధిలో తగ్గకపోతేనే ఆ జాగ్రత్తలు పనిచేసినట్టు. తీరా చూస్తే రెండు వీధుల్లోనూ సమానంగా తగ్గింది. పిల్లలు బాగుపడ్డారని మొహాలు వేలాడేసుకున్నవాళ్ళు లోకంలో ఆ ఇద్దరే అయివుంటారు.

గాలి మారివుంటుంది, అన్నాడు ప్రొఫెసర్. ఆ మాటే రిపోర్టులో రాసి సాయంత్రంలోగా పంపాలి. పంపితే, వచ్చే ఏడాది ఊరంతటా మొదలుపెట్టాల్సిన కార్యక్రమం పుట్టకముందే ఆగిపోతుంది. అయినా ఆయన చెయ్యి కదలలేదు. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు.

గాలి మారలేదని ఆమెకు తెలుసు. తన నోరే జారిందని తెలుసు.

మొదటి రోజే ప్రొఫెసర్ గట్టిగా చెప్పాడు, కింది వీధిలో జాలి చూపిస్తే పనంతా మంటగలుస్తుందని, నోటికి తాళం వేసుకోమని. అప్పటినుంచి విద్యార్థులు చాటుగా ఆయన్ని తాళంకప్ప అని పిలుస్తున్నారు. ఆమె కూడా నవ్వుకుంటూ అలాగే పిలిచేది. కాని ఒక వానరోజు కింది వీధి చివరింట్లో బామ్మగారి మనవరాలు గోడకి ఆనుకుని డొక్కలెగరేస్తుంటే, పరీక్ష చేసి చక్కా వచ్చెయ్యడానికి ఆమె కాళ్ళు రాలేదు. గుమ్మం దగ్గర ఆగి, జాగ్రత్తలన్నీ గుసగుసగా చెప్పేసింది. ఎవరితోనూ అనొద్దని, అంటే తన చదువు గంగలో కలుస్తుందని బామ్మగారి చేతులు పట్టుకుంది.

ఇప్పుడు ప్రొఫెసర్‌తో ఏదో పనుందని చెప్పి లేచింది. నేరుగా కింది వీధికి నడిచింది.

వీధి మొదట్లోనే ఆమె ఆగిపోయింది. ప్రతి పిట్టగోడ మీదా పరుపే. చారల పరుపులు, పూల పరుపులు, పసిపిల్లలు రాత్రి చేసిన ఘనకార్యాల మరకలున్న పరుపులు. ప్రతి గుమ్మం బయటా ఒక మగమనిషి, బడినుంచి గెంటేసిన పిల్లాడి మొహంతో, సిగరెట్టు కాలుస్తూ నిలబడ్డాడు. ఎవరిని చూసినా తన తప్పే ఎదురొచ్చినట్టుంది.

చివరింటి గేటు మీద 'కుక్క ఉంది జాగ్రత్త' అన్న బోర్డు కన్నా ముందు కుక్కే పలకరించింది. ఆమెని గుర్తుపట్టాక మాత్రం తోక ఆడించింది. పెరట్లో మనవరాలు తాడాట ఆడుతోంది. ఎగురుతూనే పాట పాడుతోంది. ఒకప్పుడు ఆ పిల్లకి మాట పూర్తిచెయ్యడానికే ఊపిరి చాలేది కాదు. చూస్తుంటే ఆమెకి కళ్ళు చెమర్చాయి. అంతలోనే, ఈ ఒక్క పిల్ల కోసం ఊళ్ళో పిల్లలందరి నోటి దగ్గర కూడు లాగేశానని గుర్తొచ్చింది.

"వీధంతా చెప్పేశారా బామ్మగారూ?" అంది.

"ఒట్టు తల్లీ, ఒక్కరికి చెప్పలేదు. అసలు ఈ రాక్షసిని చూసి మా గుమ్మం తొక్కేదెవరని?" అంది బామ్మ, కుక్కని చూపిస్తూ.

ఆమె నమ్మలేదు. నమ్మలేదన్న సంగతి మొహంలో కనపడకుండా తిరిగొచ్చేసింది. బామ్మని అనడానికి తనకేం మొహం ఉంది? మాట నిలబెట్టుకోనిది ముందు తనే కదా.

ప్రొఫెసర్ ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. రిపోర్టు కదల్లేదు.

"పంపకండి సార్" అంది, తలుపు దగ్గరే నిలబడి. "మన జాగ్రత్తలు పనిచేశాయి. కింది వీధిలో కూడా చేశాయి. నేనే చెప్పేశాను."

ఆయన తలెత్తాడు. ఆమె ఇక ఆగలేదు. వానరోజు సంగతి, పిల్ల ఆయాసం సంగతి, ఇవాళ గోడల మీద చూసిన పరుపుల సంగతి, అన్నీ చెప్పింది. ఒకరి నుంచి ఒకరికి పాకి వీధంతా తెలిసిపోయిందని, తప్పు పూర్తిగా తనదేనని, తన పట్టా ఆపేసినా సరే కార్యక్రమాన్ని మాత్రం ఆపొద్దని వేడుకుంది.

ప్రొఫెసర్ అరుస్తాడనుకుంది. అరవలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఎన్ని ఇళ్ళల్లో చెప్పావు?"

"ఒక్క ఇంట్లోనే సార్. వీధి చివర బామ్మగారి ఇల్లు. గేటు దగ్గర కుక్క ఉంటుంది."

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఈసారి తుడవలేదు.

"ఆ కుక్కకి భయపడే" అన్నాడు తల దించుకుని, "ఆ ఒక్క ఇంట్లో నేను చెప్పలేకపోయాను."