నల్లబడని ఉంగరం

సీసాలో ఇంకా రెండు గుక్కలే మిగిలాయి. సాయంత్రం నాలుగైనా కాలేదు.

బుడాన్ సీసా వంక ఆశగా చూశాడు. మూత బిగించి పక్కన పెట్టేశాడు. రోజు మొత్తానికి లీటరు నీళ్లు. పూటకింత అని సీసా మీద పెన్నుతో గీతలు గీసింది కూడా ఆయనే.

"తాగయ్యా, నీకేం కాదు. డాక్టరమ్మ వచ్చి చూస్తందా ఏంది?" అంది భార్య కరీమున్.

"లీటరంటే లీటరే."

"మొండి మనిషి" అని ఆమె అటు తిరిగి నవ్వుకుంది.

ఇదంతా గుప్పెడు పుట్టగొడుగులు తెచ్చిన తంటా. వానలు పడ్డ వారం, పత్తి చేను గట్టు మీద, సుబాబుల్ చెట్ల కింద కనిపించాయి. పుట్టగొడుగుల విషయంలో మార్టూరు చుట్టుపక్కల తనను మించిన వాడు లేడని బుడాన్ నమ్మకం. ఆయన దగ్గర తాతల నాటి పరీక్ష ఒకటుంది. ఉడికే కూరలో వేలి వెండి ఉంగరం వేస్తాడు. నల్లబడితే విషం, లేకపోతే విందు.

ఆ రోజు ఉంగరం తళతళలాడుతూ పైకొచ్చింది. కూర ఒక్కరికే సరిపోయింది. రెండో కంచంలోకి నిన్నటి పప్పు వచ్చింది.

తొమ్మిదో రోజున నడుం నొప్పి. పదో రోజుకు మూత్రం ఆగిపోయింది.

గుంటూరులో డాక్టర్ మహిమ రిపోర్టులు చూసింది. ఉంగరం సంగతి విని వాటిని పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఈ విషం వెండి జోలికి పోదు, కిడ్నీల జోలికి పోతుంది. రెండు నెలల్లో అవి తేరుకుంటే అదృష్టం. లేకపోతే బతికినంత కాలం డయాలసిస్ మిషనే.

ఆ మాట బుడాన్ గుండెల్లో ముల్లులా దిగింది.

ఊరు ఊరుకుంటుందా? పక్కింటి సాల్మన్ పొద్దున్నే గోడ మీంచి తల పెట్టేవాడు.

"మావా, మా ఇంట్లో బెండకాయ కూర చేశారు. నీ ఉంగరం ఓసారి ఇస్తావా?"

బుడాన్ కూడా నవ్వేసేవాడు. కానీ ఉంగరం వేలికి లేదు. ఎప్పుడో తీసి ట్రంకుపెట్టె అడుగున పడేశాడు.

ఎగతాళి భరించొచ్చు. తిండే కష్టం. గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి, ఉప్పు లేని బీరకాయ కూరతో వారాలు నెట్టుకొచ్చాడు. ఆ కూర వండేది కూడా ఆయనే. తన వంటే కొంప ముంచింది కాబట్టి పొయ్యి దగ్గర శిక్ష కూడా తనకే అన్నాడు.

మంగళవారం, శుక్రవారం ఇద్దరూ గుంటూరు బస్సెక్కేవారు. మిషను నాలుగు గంటలు తిరిగేది. ఆ నాలుగు గంటలూ బుడాన్ గొట్టంలో కదిలే రక్తం మీంచి చూపు తిప్పకుండా, లోలోపల దువా చేసుకునేవాడు. కరీమున్ మాత్రం పక్క మంచాల వాళ్లకు ఉంగరం కథ చెప్పి నవ్వించేది. ప్రతిసారీ కథలో ఉంగరం కొంచెం పెద్దదయ్యేది.

ఏడో వారం శుక్రవారం వచ్చింది. రక్తపరీక్ష ఫలితం పట్టుకుని డాక్టర్ మహిమ లోపలికి వచ్చింది. బుడాన్ గబుక్కున లేచి నిలబడ్డాడు.

"కిడ్నీలు పనిలోకి దిగాయండీ. ఇక మిషను అక్కర్లేదు. నెలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు."

బుడాన్ తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"అమ్మా, మరి ఇక నేను ఉప్పూ కారం తినొచ్చాండీ? నీళ్లు కూడా దాహం తీరా తాగొచ్చా?"

డాక్టర్ మహిమకు అర్థం కాలేదు. ఆయన వంకా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న కరీమున్ వంకా మార్చి మార్చి చూసింది.

"మిమ్మల్నెవరు మానమన్నారు బుడాన్ గారూ, కిడ్నీలు చెడింది మీ ఆవిడకు కదా?"