ఎర్రతాడు కట్టిన పక్షులు

"ఎర్రతాడు కట్టినవి సాబినేకి. నీలంతాడువి ఇంటికి."

వేటాడి తెచ్చిన సముద్రపక్షులను పడవలోంచి ఒడ్డున రాళ్ళ మీదికి విసురుతూ ఈనోక్ ఆ మాట మామూలుగానే అన్నాడు. బోలెట్టె మాత్రం మామూలుగా వినలేదు.

రెండు కట్టల్లోనూ ఐదేసి పక్షులున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి, నల్లటి వీపు, తెల్లటి రొమ్ము.

"రెండు కట్టలెందుకు?" అంది.

"ఎర్రతాడువి ఉక్కు గుండ్లతో కొట్టాను. కొట్లో కొత్త తూటాలు ఒక్క పెట్టే దొరికింది. ఇవి పాత సీసం గుండ్లవి."

"సీసానికేమొచ్చింది?"

"ఒంటికి మంచిది కాదని నర్సు చెప్పింది. గుండు ఏరి పారేసినా దాని పొడి కండలోనే ఉండిపోతుందట."

"అయితే నాకు మంచిదా?"

ఈనోక్ నవ్వాడు. "నువ్వూ నేనూ ఇన్నేళ్ళ నుంచి తింటూనే ఉన్నాంగా. ఇప్పుడు కొత్తగా పాడయ్యేదేముంది మనలో?"

బోలెట్టె నవ్వలేదు.

ఈనోక్‌ని చేసుకుని నూక్ పట్నం నుంచి ఈ ఊరొచ్చి ఏడాది దాటింది. మొదటి నాలుగు నెలలూ హాయిగా గడిచాయి. చలికాలంలో సాబినే తిరిగొచ్చింది. ఊరంతా అదే మాట. ఈనోక్ మరదలు దోర్తె ఇంట్లోనే ఉంటోంది. అప్పటి నుంచి ఈనోక్ కాళ్ళు ఇంట్లో నిలవడం లేదు.

సాబినే ఒక్క పని ముట్టదు. దోర్తె వండిపెడితే తింటుంది. పట్టపగలు నిద్రపోతుంది. అయినా అందరూ ఆవిడ చుట్టూనే. మొన్న ఎవరిదో పుట్టినరోజు కాఫీకి వెళ్తే, అంతమంది ఎదుటా ఈనోక్ గడ్డం పట్టుకుని లాగింది. తర్వాత అతని భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఎవరూ తప్పనుకోలేదు. ముసలమ్మలైతే ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు.

"ఏం చేస్తోంది మా ఆవిడ?" అంటూనే దోర్తె గుమ్మం ఎక్కుతాడు ఈనోక్.

"మా అక్క నిన్నటి నుంచి చిరాకుగా ఉంది బావా. నువ్వు రాలేదనే," అంటుంది దోర్తె.

బోలెట్టెని ఏనాడూ అతను 'మా ఆవిడ' అనలేదు. బోలెట్టె అంటాడు, అంతే.

"మొదటి పెళ్ళాం మొదటి పెళ్ళామే తల్లీ," అంది ఓసారి కొట్టు చూసుకునే కథ్రినె. "నువ్వెంత గింజుకున్నా ఆ గడ్డం ఆవిడ చేతిలోనే." కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. బోలెట్టె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక కాఫీ కెటిల్‌ని స్టవ్ మీద ఎత్తి కుదేసింది.

ఇప్పుడు ఈనోక్ పడవను పైకి లాగి కట్టడానికి వెళ్ళాడు. కట్టలు రెండూ ఎదురుగానే ఉన్నాయి. బోలెట్టె చేతి తొడుగులు తీసి తాళ్ళు విప్పింది. ఎర్రదాని చోట నీలం, నీలందాని చోట ఎరుపు కట్టింది. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నా ముళ్ళు గట్టిగా బిగించింది.

నేను తినేది ఆవిడ తినకూడదా, అనుకుంది.

మర్నాడు కాఫీపొడికి కొట్టుకెళ్ళింది. తలుపు మీద, గ్రీన్‌లాండ్ పటం పక్కన నర్సు అంటించిన కాగితం కనిపించింది. సీసం మాట ఈనోక్ చెప్పిన సాకనే అనుకుంది అప్పటిదాకా. నిలబడి మొత్తం చదివింది. కింద, సీసం ఎవరికి ఎక్కువ హానో చూపే బొమ్మ ఒకటి ఉంది. ఆ బొమ్మను చూసింది.

"నీ కాఫీపొడి," అని కథ్రినె వెనక నుంచి పిలుస్తూనే ఉంది. బోలెట్టె అప్పటికే మంచులో జారుతూ, లేస్తూ పరిగెడుతోంది.

దోర్తె ఇంట్లో బియ్యం, ఉల్లిపాయ వేసి కాచిన సూప్ ఘుమఘుమలాడుతోంది. ఈనోక్ పక్షి మాంసాన్ని వేళ్ళతో సన్నగా చీల్చి గిన్నెలో వేశాడు. చెంచాడు తీసుకుని, ఊది, చల్లార్చి, సాబినే నోటికి అందించబోయాడు. బోలెట్టెకి ఏనాడూ అలా ఊది పెట్టలేదు.

బోలెట్టె ఆ చెంచా లాక్కుంది. గిన్నె కూడా లాక్కుంది. నిలబడే గటగటా తాగేసింది.

దోర్తె అడ్డం వచ్చింది. "అదేం పని? మా అక్క నోటి దగ్గరిది లాక్కుంటావా? ఒక్క చెంచా కూడా తిననివ్వలేదు."

బోలెట్టెకి పంటి కింద గుండు తగిలింది. ఎవరికీ కనపడకుండా నాలుకతో బుగ్గలోకి తోసుకుంది. స్టవ్ దగ్గరికి నడిచి కుండ చంకనెత్తుకుంది.

"ఇదీ నాక్కావాలి. మా ఇంట్లో ఐదు పక్షులున్నాయి. ఇంకా ఈకలు కూడా పీకలేదు. అవి తెచ్చిస్తా, మళ్ళీ వండు."

"నీకింత కుళ్ళేమిటే?" అన్నాడు ఈనోక్. "ఆవిడ తినే తిండి మీద కూడానా?"

తాళ్ళ సంగతి పెదవుల దాకా వచ్చింది. బోలెట్టె దాన్ని కూడా గుండుతో పాటు బుగ్గలోనే ఉంచుకుంది.

"అవును, కుళ్ళే," అంది.

సాబినే ఖాళీ గిన్నె వంక చూసి, పెదవి విరిచి, గుక్కపట్టి ఏడ్చింది.

ఈనోక్ మొదటి భార్య చనిపోయిన ఏడాదిన్నరకి దోర్తె కడుపున పుట్టి, అక్కడి ఆచారం ప్రకారం ఆవిడ పేరుతో పాటు ఊళ్ళో ఆవిడ వరసలన్నీ తిరిగి దక్కించుకున్న సాబినేకి అప్పటికి తొమ్మిది నెలలు.